షుగర్ దిగింది, కాళ్ళు మొద్దుబారాయి

మా అన్నయ్యకు గుండెకు స్టెంట్లు వేశాక ఇంటిల్లిపాదీ టెస్టులు చేయించుకున్నాం. నాకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 162 వచ్చాయి. అప్పటికే చాలా ఏళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మాది కాకినాడ. చేపల పులుసు, నెత్తళ్ళ ఇగురు లేకపోతే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. కానీ అన్నయ్యను ఐసీయూలో చూసొచ్చిన భయం అలాంటిది. మాంసం, చేపలు, గుడ్లు మానేశాను. కొన్నాళ్ళకు పాలు, పెరుగు, నెయ్యి కూడా వదిలేశాను.

దానివల్ల నాకు మేలే జరిగింది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత రాసేది చదివి ఎవరూ కూరగాయల తిండిని తప్పుపట్టకూడదు. తెల్లన్నం బాగా తగ్గించి పెసలు, ఉలవలు, శనగలు, తోటకూర, గోంగూర, అవిసె గింజల కారప్పొడి, రాత్రికి జొన్న రొట్టె తినేదాన్ని. ఏడాది తిరిగేసరికి హెచ్‌బీఏ1సీ 6.7కి, ఎల్‌డీఎల్ వందకు దగ్గరగా వచ్చాయి. ఏళ్ళ తరబడి పీడించిన మలబద్ధకం పోయింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది.

రెండేళ్ళు దాటాక అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ముందు వేళ్ళ దగ్గర, తర్వాత మడమ దాకా. నాలుక ఎర్రగా, నున్నగా అయిపోయి పచ్చిమిరపకాయ తగిలితే భగ్గుమనేది. చూపించుకుంటే, షుగర్ ఉన్నవాళ్ళకు నరాలు ఇలాగే దెబ్బతింటాయని చెప్పి మంటలు తగ్గడానికి మాత్రలు రాశారు. షుగర్ అదుపులోకి వచ్చాక ఇది ఎందుకు పెరుగుతోందన్న నా ప్రశ్నకు జవాబు దొరకలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11.9. "రక్తం బాగానే ఉందిగా" అన్నారు.

ఒకరోజు గుడి నుంచి వస్తుంటే వెనక నుంచి మా అమ్మాయి, "అమ్మా, చెప్పు జారిపోయింది, చూసుకోకుండా నడుస్తున్నావేంటి?" అంది. వెనక్కి తిరిగి చూస్తే నిజంగానే చెప్పు రోడ్డు మీద పడి ఉంది. కాలికి చెప్పు లేదన్న సంగతే నాకు తెలియలేదు. పొద్దున పెరట్లో కుళాయి దగ్గర ముఖం మీద నీళ్ళు కొట్టుకుని కళ్ళు మూసుకుంటే ఒళ్ళు పక్కకు తూలిపోయేది. గట్టు పట్టుకుంటే గానీ నిలబడలేకపోయేదాన్ని. మావారు భయపడిపోయి విశాఖలో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు.

ఆయన శృతిదండం (కొడితే అదురుతూ మోగే లోహపు కడ్డీ) మోగించి నా కాలి బొటనవేలి ఎముక మీద ఆనించారు. "అదురు తెలుస్తోందామ్మా?" అని అడిగారు. లేదన్నాను. చీలమండ మీద పెట్టారు, అక్కడా లేదు. మోకాలి దగ్గర పెడితే అప్పుడు తెలిసింది. ఏం తింటానో, ఏం మందులు వాడతానో అన్నీ అడిగి, నరాలకూ రక్తానికీ అవసరమైన విటమిన్ బి12 ఒంట్లో ఎంత ఉందో తెలిపే పరీక్ష రాశారు. 118 వచ్చింది. ఆ ల్యాబ్ కాగితం మీద కనీసం 200 ఉండాలని ఉంది.

మొక్కలు బి12ని తయారు చేయలేవు. దాన్ని తయారు చేసేది సూక్ష్మజీవులు. అది మనకు చేరేది మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్ళు సరిపోతుంది, అందుకే మానేసిన వెంటనే ఏమీ తెలియదు. దానికి తోడు మెట్‌ఫార్మిన్ బి12ని పేగుల్లో సరిగ్గా ఒంటబట్టనివ్వదు. ఈ రెండూ నాలో కలిశాయి. ఇడ్లీ పిండి పులిస్తే బి12 వస్తుందని మా వాళ్ళు చెప్పేవారు, దాన్ని నమ్ముకోవద్దని డాక్టరు స్పష్టంగా చెప్పారు.

మరి రక్తం ఎందుకు బాగుంది? ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలిక్ యాసిడ్ పుష్కలం. పైగా నేను వాడే ఐరన్ మాత్రల్లోనూ అది ఉంది. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని నిలబెడుతుంది గానీ నరాలను కాపాడలేదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ మందు వచ్చాకే వైద్యులు గమనించారు, బి12 లోపం ఉన్నవాళ్ళకు అది ఇస్తే రక్తం కుదుటపడుతుంది, నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయని. బి12ని విడదీసింది 1948లో, సుబ్బారావుగారు కన్నుమూసిన ఏడాది.

ఎర్రగా ఉండే ఆ ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికి, ఆపైన నెలకోటి చేశారు. నాలుక మంట ముందు తగ్గింది. మొదట్లో తిమ్మిర్లు ఇంకా ఎక్కువైనట్టు అనిపించి ఏడ్చాను. కొన్ని నెలలకు నేల చల్లదనం పాదాలకు తెలియసాగింది. ఎడమ బొటనవేలు ఇప్పటికీ మొద్దుగానే ఉంది. నరాలు కోలుకోవడానికి చాలా కాలం పడుతుందని, ఆలస్యమైతే కొంత నష్టం అలాగే ఉండిపోవచ్చని డాక్టరు చెప్పారు.

నా తిండి మార్చలేదు. మనిషికి రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. మాత్రతో అది తీరుతుంది. మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను కాబట్టి ఏటా పరీక్ష చేయించుకుంటున్నాను. మా వదిన కూడా మెట్‌ఫార్మిన్ మీదే ఉంది, అన్నయ్యతో పాటు తనూ పాలు, పెరుగు మానేసింది. "నాకు తిమ్మిర్లేం లేవు కదా" అంటున్నా వినకుండా ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. 164 వచ్చింది. పోయిన నెల నుంచి తనూ మందు వాడుతోంది.