ఇంత శుభ్రంగా ఉందేమిటి?

ల్యాబ్ నోట్‌బుక్ తిరగేస్తూ ప్రొఫెసర్ "ఇంత శుభ్రంగా ఉందేమిటి?" అంటే మెచ్చుకోలు అనుకుని నవ్వేశాను. రెండో ప్రశ్నతో ఆ నవ్వు పోయింది. "దీని అసలు ఎక్కడ?" అసలు ఎక్కడుంటుంది? కొంత టిష్యూ కాగితం మీద, కొంత ఎడమ చేతి గ్లౌజు మీద, కొంత రీఏజెంట్ డబ్బా మూత మీద. సాయంత్రం అవన్నీ ముందేసుకుని ఫెయిర్ చేసి, చెత్తబుట్టలో పడేశాను. "మీరు పారేసింది డేటా. ఇది దాని మీద మీరు రాసుకున్న వ్యాసం" అన్నారాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే రెండు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి.

ప్రయోగం చేస్తూ రాసుకునే అబ్జర్వేషన్, తరవాత ఫెయిర్ చేసే రికార్డు అని రెండు పుస్తకాలు మోసినవాళ్ళకి ఇందులో తప్పేమిటో వెంటనే తట్టదు. కొట్టివేత కనిపిస్తే సంతకం పెట్టని సార్ల దగ్గర చదువుకున్నాం. వైట్‌నర్ పూస్తే పేజీ మొత్తం మళ్ళీ రాశాం. అబ్జర్వేషన్ ఏమైందని ఎవరూ అడగలేదు, మార్కులన్నీ రికార్డుకే. అమెరికా ల్యాబులో అడిగేది ఆ అబ్జర్వేషనే. రికార్డుతో వాళ్ళకి పని లేదు, దాని బదులు ప్రచురించే పరిశోధనా పత్రం, అంటే పేపర్ ఉంది.

ముందు పద్ధతి చెప్పేస్తాను, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళకి దీన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కుట్టిన నోట్‌బుక్, పేజీ నంబర్లు అచ్చయి ఉన్నది. స్పైరల్ పనికిరాదు, పేజీ చింపినా తెలియదు కాబట్టి. రాసేది బాల్ పెన్‌తో. కొన్ని జెల్ పెన్నుల సిరా మీద ఒక్క చుక్క నీళ్ళు పడితే చాలు, అంకెలు నీలపు మరకైపోతాయి. తప్పు రాస్తే ఒక్కటే గీత, కింద అంకె చదవగలిగేలా. పక్కన పొడి అక్షరాలు, తేదీ, రెండు ముక్కల్లో కారణం: "లెక్క తప్పు", "వేరే ట్యూబు". పేజీ కింద ఖాళీ మిగిలితే ఏటవాలు గీత కొట్టేయాలి, తరవాత ఎవరూ అక్కడ ఏదీ ఇరికించకుండా. అతికించిన ప్రింటౌట్ అంచు మీద సంతకం సగం ప్రింటు మీదా సగం పేజీ మీదా పడాలి. తూకం యంత్రం ఇచ్చే చీటీ థర్మల్ కాగితం, కొన్నాళ్ళకి తెల్లబడిపోతుంది. దాని ఫొటోకాపీ కూడా అతికించాలి. రాయడం మరిచిపోయిన సంగతి మర్నాడు గుర్తొస్తే నిన్నటి పేజీలో దూర్చకూడదు, ఇవాళ్టి తేదీ కింద "ఆలస్యంగా రాసినది" అని చెప్పి రాయాలి.

తేదీ దగ్గర మనవాళ్ళందరూ ఒకసారైనా పడతారు. మన చేత్తో 03/04 అని రాస్తే ఏప్రిల్ మూడు, ఇక్కడివాళ్ళు చదివితే మార్చి నాలుగు. పన్నెండో తేదీ దాటితే బతికిపోతాం, అంతకుముందు ప్రతి తేదీ అనుమానమే. నెలని అక్షరాల్లో రాయడం ఒక్కటే మందు. ఫైలు పేర్లలో అయితే సంవత్సరం, నెల, రోజు, ఈ వరుసలో. అప్పుడు కంప్యూటరే వాటిని వరసలో పెడుతుంది.

ఈ కట్టుబాట్లన్నీ సత్యనిష్ఠ నుంచి పుట్టాయనుకుంటే పొరపాటే. చాలావరకు వకీళ్ళు పెట్టినవి. 2013 మార్చి 16 దాకా అమెరికా పేటెంటు చట్టం ముందు దరఖాస్తు పెట్టినవాణ్ణి కాకుండా ముందు కనిపెట్టినవాణ్ణి చూసేది. ముందు కనిపెట్టానని రుజువేమిటి? నోట్‌బుక్. 1957 నవంబరులో గోర్డన్ గౌల్డ్ అనే పరిశోధక విద్యార్థి లేజర్ ఆలోచనని నోట్‌బుక్‌లో రాసి, మిఠాయి దుకాణం నడిపే ఒక నోటరీ దగ్గరకి పోయి ప్రతి పేజీ మీదా ముద్ర వేయించుకున్నాడు. తరవాత దాదాపు మూడు దశాబ్దాలు నడిచిన పేటెంటు తగాదాలో ఆయన పట్టుకు తిరిగింది ఆ పేజీలనే. చట్టం మారింది, అలవాటు మిగిలింది. కాబట్టి ఎవరైనా ఏటవాలు గీత లేదని మొహం చిట్లిస్తే నేను పెద్దగా కుంగిపోను. అసలు కాగితాలు ఎందుకు పారేశావని అడిగితేనే జవాబు దొరకదు.

అది ఎందుకంత పెద్ద మాటో ఒక ప్రయోగం దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతినే తీసుకుందాం. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేటు దాన్ని పట్టుకుంటుంది, ఏఎన్ఎస్ఏ అనే క్షయకరణి వేస్తే నీలం రంగొస్తుంది, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 660 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతాం. స్టాండర్డ్‌కి, అంటే భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణానికి, లీటరు నీళ్ళలో 0.4394 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు, అంటే మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల భాస్వరం. రికార్డులో ఇది ఎలా ఉంటుందో అందరికీ తెలుసు: ఉద్దేశం, సూత్రం, పట్టిక, మూలబిందువు గుండా పోయే సరళరేఖ, ఫలితం.

ల్యాబులో జరిగేది వేరు. నీలం రంగు ఒకచోట ఆగదు, నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతుంది. మొదటి ట్యూబు పదో నిమిషంలో, పన్నెండో ట్యూబు ఇరవై అయిదో నిమిషంలో చదివితే గీత వంగుతుంది, తప్పు ఫాస్ఫేటుది కాదు. ఏ ట్యూబులో ఎన్నింటికి రీఏజెంట్ వేశామో పక్కన రాసి ఉంటేనే ఆ సంగతి బయటపడుతుంది. గాజుసామాను ఫాస్ఫేటు ఉన్న సబ్బుతో కడిగితే బ్లాంకే, అంటే ఫాస్ఫేటు వేయని ట్యూబే, నీలంగా వస్తుంది. ఆమ్లం తక్కువైనా వస్తుంది, అప్పుడు ఫాస్ఫేటు లేకపోయినా మాలిబ్డేటే క్షయకరణం చెందుతుంది. ఏఎన్ఎస్ఏ పాతబడి రంగు మారినా బ్లాంకు పెరుగుతుంది. ఒకే లక్షణం, మూడు జబ్బులు. బ్లాంకు సున్నా చేసేసుకుని ముందుకెళ్ళి, ఫెయిర్ పుస్తకంలో 0.000 అని రాసుకున్నవాడు ఈ మూడింటిలో ఏదో ఎప్పటికీ తెలుసుకోలేడు. నీటితో సున్నా చేసి బ్లాంకుకి వచ్చిన 0.062 రాసి, ఏఎన్ఎస్ఏ కలిపిన తేదీ, మాలిబ్డేటు లాట్ నంబరు, కడిగింది సబ్బుతోనా ఆమ్లంతోనా అనేది రాసుకున్నవాడు ఆర్నెల్ల తరవాతైనా వెనక్కి వెళ్ళి పట్టుకుంటాడు.

నాలుగో స్టాండర్డ్ గీత మీద పడలేదనుకోండి. మన చెయ్యి అలవాటుగా దాన్ని మింగేస్తుంది. ఇక్కడ దాన్ని ఉంచి, పక్కన "పైపెట్ కొనలో బుడగ చూశాను" అని రాయాలి. బుడగ చూడకపోతే ఏమీ రాయకూడదు. గ్రాఫ్ వేశాక బుడగ గుర్తుకు రావడం మాత్రం కుదరదు.

ఇక మనందరి రహస్యం. లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం g విలువ 980 రావాలి. పొడవు 100 సెంటీమీటర్లయితే 20 డోలనాలకి 40.1 సెకన్లు పడితే ఒక్క డోలనానికి పట్టే కాలం T స్క్వేర్ 4.02, g దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. అందుకని తరగతి మొత్తానికి 40.1 వచ్చేది. వాచీ నొక్కే వేలు ప్రతిసారీ ఒకేలా పనిచేయదని, రెండు మూడు పదోవంతుల సెకను అటూ ఇటూ పోవడమే సహజమని చెప్పినవాళ్ళు లేరు. 40.1, 40.1, 40.1 అని మూడుసార్లు రాస్తే పది మార్కులు. నిజంగా కొలిచి 39.8, 40.4, 40.0 రాస్తే "మళ్ళీ చెయ్యి". నిజానికి ఆ రెండోవాడే ప్రయోగం చేశాడు.

అయితే ఈ జబ్బు మనదొక్కరిదే అని ఎవరైనా అంటే ఊరుకోలేను. ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచిన మిల్లికన్ 1913 పేపర్లో 58 నూనె చుక్కల లెక్క ఇచ్చి, ఇవి ఏరినవి కావు, వరుసగా 60 రోజుల్లో కొలిచిన చుక్కలన్నీ ఇవే అని రాశాడు. ఆయన నోట్‌బుక్కులు కాలిఫోర్నియాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో అంతకంటే చాలా ఎక్కువ చుక్కలున్నాయి, పక్కన "బాగుంది, ఇది వేయాలి" అనే ధోరణిలో వ్యాఖ్యలతో సహా. 1923లో నోబెల్ ఇచ్చారు. గాలి స్నిగ్ధత విలువ తప్పు తీసుకోవడంతో ఆయన ఫలితం కొంచెం తక్కువగా వచ్చింది. తరవాత కొలిచినవాళ్ళు సరైన విలువకి ఒక్క గెంతులో చేరలేదని, మిల్లికన్‌కి దూరంగా వచ్చిన అంకెల్ని అనుమానించి, దగ్గరగా వచ్చినవాటిని అంతగా పట్టించుకోకుండా మెల్లమెల్లగా పైకి జరిగారని భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ 1974లో కాల్టెక్ స్నాతకోత్సవంలో చెప్పాడు. వాళ్ళ 980 అది. కానీ ఒప్పుకోవాల్సిందొకటుంది. మిల్లికన్ వదిలేసిన చుక్కల గురించి మనం ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆయన నోట్‌బుక్ ఫెయిర్ చేయలేదు కాబట్టే. పేపర్ ఒకటి చెప్పింది, పుస్తకం ఇంకొకటి దాచి ఉంచింది. నా పుస్తకం అయితే పేపర్‌కి తోడుదొంగ.

అమెరికా ప్రభుత్వ నిర్వచనంలో పరిశోధనా దుర్వర్తన అంటే మూడే: లేనిది కల్పించడం, ఉన్నది మార్చడం లేదా వదిలేయడం, ఇంకొకరిది కాజేయడం. నిజాయితీగా జరిగిన పొరపాటు ఇందులోకి రాదు. ఫెయిర్ చేయడం వీటిలో ఏదీ కాదు. అయితే ఎవరైనా వేలెత్తి చూపిన రోజున పొరపాటు పొరపాటేనని నిరూపించేది ఆ కొట్టివేతలున్న కాగితమే. ఈ సంగతి అర్థమయ్యాక శుభ్రమైన పేజీ చూస్తే నాకే భయం వేస్తోంది.

కంప్యూటర్ వచ్చాక ఈ గొడవ పోయిందంటారు. పోలేదు, చోటు మారింది. యంత్రం ఇచ్చిన ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారంటే అది ఫెయిర్ కాపీ అయిపోయినట్టే. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, విసిగిపోయి 2020లో జన్యువులకే పేర్లు మార్చారు. ముడి ఫైలుని రీడ్ ఓన్లీ చేసి పక్కన పెట్టి, పని అంతా నకలు మీదే చేయాలి. ఇక్కడ వేసవిలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, యంత్రం గడియారం ఆ వేసవి కాలమానానికి మారిందో లేదో చూసుకుని, గోడ గడియారం సమయం కూడా రాసుకోవాలి. గంట తేడాతో రెండు ప్రయోగాల వరస తారుమారవుతుంది.

సోషల్ సైన్స్ వాళ్ళకి బల్ల లేదు కానీ బాధ ఇదే. ఇంటర్వ్యూలో చెప్పిన మాట యథాతథమైతే రెండు కోట్లలో, దాదాపు అదే అయితే ఒక కోట్‌లో, సారాంశమైతే కోట్లు లేకుండా రాయడం చాలామంది పాటించే పద్ధతి. మాట్లాడుతుండగా గబగబా రాసుకున్న చిట్టీని ఆ రాత్రి నిద్రపోకముందే నోట్సుగా విప్పి రాయాలి, చిట్టీని మాత్రం పారేయకూడదు. తెలుగులో మాట్లాడినవాళ్ళ మాటల్ని నేరుగా ఇంగ్లీషులో రాసుకోవడం అన్నిటికంటే పెద్ద ఫెయిర్ కాపీ. ఎవరో "పోనీలెండి" అన్నారు. అది క్షమా, నిస్పృహా, లేక సంభాషణ ఇక చాలని చెప్పడమా? ఇంగ్లీషులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోగానే మిగతా రెండూ మాయం. ఒక కాలమ్‌లో తెలుగు మాట తెలుగు లిపిలోనే, పక్క కాలమ్‌లో అనువాదం, మూడో దాంట్లో ఎవరు, ఎటు చూస్తూ, ఏ ప్రశ్నకి అన్నారో. ఇక్కడి గైడుకి మొదటి కాలమ్ చదవడం రాదు. అయినా అదే డేటా.

ఇంత కష్టపడి నింపిన పుస్తకం మనది కాదు, అది ఇంకో షాక్. నోట్‌బుక్ సాధారణంగా సంస్థ ఆస్తి. ల్యాబు మారేటప్పుడు అనుమతి తీసుకుని నకలు పట్టుకెళ్ళొచ్చు, అసలు అల్మరాలో ఉండిపోతుంది. ఊళ్ళో అటక మీద బంగారు అక్షరాల అట్టతో నా రికార్డులన్నీ ఇంకా ఉన్నాయి. వాటిలో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క నిజమైన రీడింగు ఉందో లేదో నాకే తెలియదు. అయినా పారేయమంటే మనసొప్పదు. పట్టికలో శీర్షిక దగ్గరే ప్రమాణాలు రాయడం, మొదట్లో విషయసూచిక, పెన్సిల్ బొమ్మకి బాణం గుర్తులు, ఇవన్నీ వాటి చలవే. ఇక్కడి పిల్లలు కొందరు 2.5 అని రాసి ఊరుకుంటారు. మిల్లీలీటర్లా, మైక్రోలీటర్లా అని అడిగితే వాళ్ళకే గుర్తుండదు. శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని వారం మొత్తం ఒకే పెన్నుతో నింపే ఘనులూ ఉన్నారు.

రెండూ కలిపి ఇప్పుడు ఇలా చేస్తున్నాను: ఎడమ పేజీలో జరుగుతుండగానే నల్ల పెన్నుతో, ఎలా వస్తే అలా. కుడి పేజీలో మర్నాడు నీలం పెన్నుతో, మర్నాటి తేదీతో, పట్టికలు, గ్రాఫు, నా అభిప్రాయం. గ్లౌజు మీద రాసుకోవడం మాత్రం మానలేకపోయాను, చేతులు రెండూ తడిగా ఉన్నప్పుడు ఇంకెక్కడ రాస్తాం? దాన్ని విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీసి, ప్రింటు ఎడమ పేజీలో అతికించి, అంచు మీద సంతకం సగం అటు, సగం ఇటు.