గొడవ కాదు, కొట్టాడు

తొమ్మిదేళ్లలో మా ఆయన కొట్టే సంగతి ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. అమ్మకు, అత్తకు, పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులకు, రెండుసార్లు స్టేషన్‌లో. ఎక్కడికి పోయినా మొదటి నుంచి చెప్పుకురావడం, చివరికి "సంసారమన్నంక సర్దుకుపోవాలె బిడ్డా" అనిపించుకుని, పాపను చంకనేసుకుని మళ్లీ ఆ ఇంటికే రావడం.

ఒక రాత్రి చెయ్యి వాచిపోయి గాజులు కూడా ఊడి రాలేదు. పక్కింటి అక్క తన ఫోన్‌లో ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 కొట్టి నా చేతికిచ్చింది. తెల్లారి నల్లగొండ బస్సెక్కి, దెబ్బలు తిన్న ఆడవాళ్లకు సాయం చేసే సర్కారు సఖి సెంటర్‌కు పోయాను.

అక్కడి మేడమ్ ముందుగా అడిగింది, పాప ఏమన్నా తిన్నదా అని. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. తర్వాత డాక్టర్‌కు చూపించి, వచ్చాక గృహహింస రిపోర్ట్ ఫారం తీసి నేను చెప్తుంటే రాసుకుంది. రాసింది మొత్తం చదివి వినిపించింది, "భార్యాభర్తలు గొడవ పడగా..." అన్న దగ్గర నేను ఆపాను. గొడవ పడలేదు మేడమ్, నేను బియ్యం ఏరుతున్నా, ఆయనే వచ్చి కొట్టాడు అన్నాను. మేడమ్ ఆ లైన్ కొట్టేసి, నేను చెప్పిన మాటే రాసి, పక్కన నాతో సంతకం పెట్టించింది. తొమ్మిదేళ్లలో నా మాట నేను చెప్పినట్టుగా కాగితం మీదకు ఎక్కడం అదే మొదటిసారి. ఒక కాపీ నాకూ ఇచ్చారు.

కేసు వేయాలా వద్దా నీ ఇష్టం, ఎవరూ తొందరపెట్టరు అన్నారు. ఐదు రోజులు అక్కడే ఉన్నాం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలును ఫ్రీగా ఇస్తారని, ఇల్లు ఆయన పేరు మీదున్నా నన్ను ఊరికే వెళ్లగొట్టడం కుదరదని అక్కడే తెలిసింది. 2005 గృహహింస చట్టం కింద కేసు వేశాం. 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉన్నా నాకు ఏడు నెలలు పట్టింది, వాయిదా వాయిదాకూ కూలి పోయింది, ఆ టెన్షన్ వేరే. చివరికి ఆయన నేనుండే ఇంటి దగ్గరికి రావద్దని కోర్టు ఆర్డర్ వచ్చింది. దాన్ని దాటితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ.

మొన్న దసరాకు తాగొచ్చి తలుపు బాదాడు. ఫోన్ చేస్తే వచ్చిన కానిస్టేబుల్ "ఏమైందమ్మా, ఎందుకు కొట్టుకుంటున్నరు" అనలేదు. "ఆర్డర్ కాపీ ఉందా" అన్నాడు. బియ్యం డబ్బా మీద కవర్లో పెట్టి ఉంచాను, తీసి ఇచ్చాను.