చెస్ నదిలో పురుగుల లెక్క: జూన్ దాకా

లండన్‌కి వాయవ్యాన, మెట్రోపాలిటన్ లైన్‌లో చార్లీవుడ్‌లో దిగి లోయలోకి నడిస్తే చెస్ నది వస్తుంది. చెషమ్ దగ్గర పుట్టి, సుమారు 18 కిలోమీటర్లు పారి, రిక్‌మన్స్‌వర్త్‌లో కోల్న్ నదిలో కలుస్తుంది. చెషమ్ అన్న ఊరి పేరే ముందుది. దాన్ని కత్తిరించి తర్వాతెప్పుడో నదికి పెట్టుకున్నారు.

సుద్దకొండల్లో ఇంకిన వాన నెమ్మదిగా వడకట్టుకుని ఊటలుగా పైకొస్తుంది. అందుకే ఊటనీరు ఏడాది పొడవునా 10, 11 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అడుగున గులకరాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి నదులు కొన్ని వందలే, వాటిలో చాలా భాగం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి. ఇంత అరుదైన నీళ్లు ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి నెలనెలా పురుగుల లెక్క తీసే వలంటీర్లతో కలిశాను.

పద్ధతి ఇదీ. వలని ప్రవాహానికి ఎదురుగా అడుగున ఆనించి పట్టుకుని, దాని ముందు రాళ్లని కాలితో మూడు నిమిషాలు కదపాలి. గులకరాళ్లు, నాచుమొక్కలు, ఒడ్డు వార, అన్నిటికీ సమయం పంచాలి. తర్వాత ఒక నిమిషం రాళ్లు చేత్తో తిప్పి చూడాలి. వచ్చిందంతా తెల్ల ట్రేలో పోసి పురుగుల రకాన్ని బట్టి ఎనిమిది గుంపులుగా విడదీయాలి. ఒక గుంపులో 1 నుంచి 9 ఉంటే ఒక మార్కు, 10 నుంచి 99 అయితే రెండు, 100 దాటితే మూడు, వెయ్యి దాటితే నాలుగు. మార్కుల మొత్తం ఆ చోటికి పెట్టిన హద్దు కంటే తగ్గితే వెంటనే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి, అంటే నదుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థకి, చెప్పాలి. కాలుష్యం ఎప్పుడో వచ్చి కొట్టుకుపోయినా, పురుగులు లేకపోవడమే సాక్ష్యం.

ఏప్రిల్‌లో గామరస్ రొయ్యలే ట్రే నిండా. పక్కకి వాలి, వంకరగా ఈదుతాయి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై రెండూ నీళ్లలో పెరిగి తర్వాత రెక్కలొచ్చే పురుగులు. తోకలు మూడుంటే మేఫ్లై జాతి, రెండే ఉంటే స్టోన్‌ఫ్లై అని అప్పుడే కంటికి అలవాటైంది.

మేలో పెద్ద మేఫ్లై పిల్ల దొరికింది. చెంచాలో నీళ్లతో సహా ఎత్తి భూతద్దం కింద పెట్టాను. లేత పసుపు ఒళ్లు, వీపు మీద ఈకల్లాంటి మొప్పలు ఒక కొస నుంచి ఇంకో కొసకి అలలా కొట్టుకుంటూనే ఉన్నాయి. అడుగు బురదలో రెండేళ్ల దాకా బతికి, రెక్కలొచ్చాక ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ఆ రోజులకి తినడానికి నోరు కూడా పనిచేయదు. దాన్ని చాలాసేపు వదల్లేకపోయాను.

జూన్‌లో వాటర్ క్రోఫుట్ అనే నీటిమొక్క తెల్లపూలు నీటి మీద పరుచుకున్నాయి. సారట్ ఊళ్లో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర పెంచే మళ్ల దిగువన, ఒడ్డున గడ్డికాడలు ఏటవాలుగా కొరికి కుప్పగా పెట్టి ఉన్నాయి. అది వాటర్ వోల్ అనే, ఒడ్డున బొరియల్లో బతికే ఎలుకలాంటి జంతువు పని. మింక్ అనే ముంగిసలాంటి వేటజంతువు దెబ్బకి ఈ లోయలో బాగా తగ్గిపోయిన జీవి, ఆ కుప్ప చూసి ఎంత సంతోషమేసిందో!

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి: డబ్బులు వల మీద పెట్టండి, ట్రే ఏదైనా సరిపోతుంది. చేతికి గాట్లుంటే గ్లౌజులు తప్పనిసరి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే వీల్స్ జబ్బు ప్రమాదం ఉంది. వల, బూట్లు కడిగి పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో నదిలో దిగండి. అమెరికా క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి) మోసుకొచ్చే తెగులు తడి వలతోనే పక్క నదికి పోతుంది.

జూలైలో పైన చెషమ్ వైపు కూడా ట్రే పెట్టాలని ఉంది. కరువేళ్లలో అక్కడ నది ఎండిపోతుంది. నీళ్లు తిరిగొచ్చాక ఏ గుంపు ముందు చేరుతుందో లెక్కలో చూడాలి.