పెద్దమ్మ వీధి మర్రి

ఆదివారం. విశాఖ మద్దిలపాలెంలో బస్సెక్కి వేపగుంట, పెద్దమ్మ వాళ్లింటికి. దారిలో తాటిచెట్లపాలెం, మర్రిపాలెం. ఇన్నేళ్లుగా కండక్టర్ అరుస్తుంటే వింటున్నా, ఇవి చెట్ల పేర్లని ఇవాళే తట్టింది. మర్రిపాలెం స్టాపులో తల బయటపెట్టి చూశాను. నాకైతే ఒక్క మర్రీ కనపడలేదు, ఫ్లెక్సీలే.

వేపగుంటలో పెద్దమ్మ వీధి చివర ఉన్నది మాత్రం మర్రే. చిన్నప్పుడు దాని ఊడలు పట్టుకుని ఊగేవాళ్లం. ఎంత లావుందో కొలవాలని ఎన్నాళ్లుగానో కోరిక. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత తీయాలి, అదీ పద్ధతి. పెద్దమ్మ కుట్టుమిషన్ టేపు చాలదని దండెం తాడు విప్పి పట్టుకెళ్లాను. తీరా చూస్తే నేల ఎక్కడుందో తేలదు, చుట్టూ సిమెంటు గట్టు! గట్టు మీంచి కొలిస్తే 19 అడుగుల చిల్లర. మానుకి అతుక్కుపోయిన ఊడలనీ కలిపేశాను, కాస్త దొంగలెక్కే.

టీ కొట్టు ఆవిడ గ్లాసులు కడగడం ఆపి అడిగింది, "ఏటి బాబూ కొలుస్తన్నావు, కొట్టేస్తారేటి?"

కాదమ్మా, ఊరికే అన్నాను. నమ్మినట్టు లేదు. నిజమే, చెట్టుకి టేపు పట్టినవాడు రంపం తేకుండా పోవడం ఆవిడెప్పుడు చూసిందని.

వీధివైపు ఊడలన్నీ వ్యాన్లకి తగులుతున్నాయని మనిషెత్తులో కోసేశారు. ఊడ నేలలో దిగితేనే కదా కొమ్మకి స్తంభం. కోసేసినా కొమ్మ సాగుతూనే ఉంటుంది, కింద ఆసరా ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానుకి విరిగింది ఆ వైపు కొమ్మే. గుడిగోడ వైపు, నాలుగు ఊడలు దిగిన కొమ్మ ఇప్పటికీ అలాగే ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిందంటే ఈ ఊడల చలవే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. మా మర్రికి అంత వైభోగం అక్కర్లేదు. రెండు ఊడలకి నేలదాకా పైపు తొడిగి, గట్టు కాస్త పగలగొట్టి వాన నీళ్లు దిగనిస్తే చాలు. కానీ మొక్క నాటితే ఫొటో పడుతుంది, ఊడకి పైపు తొడిగితే ఎవరొస్తారు?

టీ కొట్టులోనే కటింగ్ ప్లేయర్ అడిగి మేకులు పీకాను. పదకొండు. ట్యూషన్లు, అద్దె ఇళ్లు, పైల్స్ వైద్యం. ఒక రేకు బోర్డుని చెట్టే సగం మింగేసింది, బెరడు పెదవుల్లా మూసుకుంది, 'గ్యారంటీ'లో 'గ్యా' ఒక్కటే బయటుంది. దాన్ని కదపలేదు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ తాడు చేత్తో తడిమి చూసింది. మేకులు పీకినచోట కారిన పాలు జిగురుగా అంటుకున్నాయి.

"దీని మీద నా చీరలెలా ఆరేస్తాన్రా? కొత్తది కొనిపెట్టి బస్సెక్కు."

కొనిపెట్టాను, అరవై రూపాయలు.