ఆషాఢం నుంచి భాద్రపదం దాకా: మూడు అల్లికలు, ఒక దివాన్, బోలెడు చీర కవర్లు

ఇప్పుడు నా చేతిలో మూడు క్రోషే పనులున్నాయి, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లే పని. చెల్లి శ్రీమంతానికి కాటన్ దుప్పటి, గుమ్మానికి మామిడాకుల తోరణం, అత్తయ్యగారు ఎప్పుడో మొదలుపెట్టి ఆపేసిన సన్నదారం లేసు టేబుల్ గుడ్డ. గదంటే హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో చిన్న బెడ్‌రూమే. కిటికీ పక్కన దివాన్, దాని కిందా పైనా దారమే, కుర్చీ మీద ఒక సంచి, కుట్టుమిషన్ మీద ఇంకో సంచి. ఈ మూడు నెలల్లో అల్లిక ఎంతవరకు వచ్చింది, ఆ గది ఎలా దారికొచ్చింది అన్నది వివరంగా రాస్తున్నా. ఇంట్లో దారం పెరిగిపోయి ఎక్కడ సర్దాలో తోచనివాళ్ళకి పనికొస్తుంది.

ఆషాఢం

వానలకి తలుపులు వేసుకుని కూర్చోవడమే కాబట్టి ముందు సర్దుడు పెట్టుకున్నా. దారాలు రంగుల వారీగా సర్దితే చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఫోటోలకీ బాగుంటుంది. కానీ రోజూ అల్లేవాళ్ళు పని వారీగానే సర్దుకోవాలని నా గట్టి నమ్మకం. గదిలో చిందరవందర దారం వల్ల రాదు, సగంలో ఉన్న పనుల వల్ల వస్తుంది. సగం అల్లిన ముక్క ఒకచోట, దాని సూది ఇంకోచోట, మిగిలిన ఉండ దివాన్ కింద ఉంటే, ఆ పని మళ్ళీ ముట్టుకోవాలంటేనే బద్ధకమేస్తుంది.

అందుకే ఒక్కో పనికి ఒక్కో చీర కవర్ పెట్టాను. పట్టుచీరలకి షాపులో ఇచ్చే జిప్పున్న పారదర్శకం కవర్లు ప్రతి ఇంట్లో దొంతరలుగా పడి ఉంటాయి కదా, అవే. ఒక కవర్లో 100 గ్రాముల ఉండలు నాలుగైదు సులువుగా పడతాయి, లోపలేముందో బయటికి కనిపిస్తుంది. అందులో అల్లుతున్న ముక్క, దాని దారం, దానికి వాడే సూది, ఒక చీటీ. చీటీ మీద సూది సైజు, ఎన్ని వరసలు అయ్యాయి, తర్వాత ఏ కుట్టు, డిజైన్ అమెరికా పేర్లతో ఉందా బ్రిటన్ పేర్లతో ఉందా రాసి పెడతా. ఈ చివరిది తప్పకుండా రాయాలి. అమెరికా వాళ్ళు డబుల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ వాళ్ళు ట్రెబుల్ అంటారు, ఆర్నెల్ల తర్వాత కవర్ తెరిస్తే ఏది అనుకుని అల్లామో గుర్తుండదు.

ఏ పనికీ చేరని దారాలు మాత్రం అరల్లోకి వెళ్ళాయి. లేబుల్ పోయిన ఉండల్ని స్కేలుకి చుట్టి చూస్తున్నా. దారాన్ని లాగకుండా పక్కపక్కన చుడితే ఒక అంగుళంలో 12 నుంచి 15 చుట్లు పడితే మధ్యరకం, అంటే లేబుల్ మీద డీకే అని రాసేది. అంతకంటే తక్కువ పడితే లావు దారం, ఎక్కువ పడితే సన్నం. ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారో చెప్పే లెక్క, ఆ పోగులే లావో సన్నమో దాన్నిబట్టి తెలియదు, కాబట్టి లేబుల్ ఉన్నా సరే 100 గ్రాములకి ఎన్ని మీటర్లు అన్నదే నేను చూస్తా. అసలు ఉన్ని దారం వేరే స్టీలు డబ్బాలోకి వెళ్ళింది, మూత బిగుతుగా, ఎందుకంటే పురుగు పట్టేది దానికే. ఆక్రిలిక్‌కి ఆ భయం లేదు. ఈ వానల్లో ఏ కవరైనా మూసే ముందు దారం ఒకపూట ఫ్యాన్ కింద ఆరాల్సిందే, చెమ్మతో మూసేస్తే కాటన్‌కి ముక్కవాసన పట్టేస్తుంది.

సూదులు జామెట్రీ బాక్సుల్లో ఉన్నాయి, లావువి ఒకదాంట్లో, స్టీలు సన్నవి ఒకదాంట్లో. అల్లేటప్పుడు ఉండని లోతు స్టీలు గిన్నెలో వేసుకుంటా, గదంతా దొర్లకుండా అక్కడక్కడే తిరుగుతూ దారం వదులుతుంది.

శ్రావణం

దుప్పటి సంగతి. మన ఎండలకి పసిబిడ్డ ఒంటికి కాటనే హాయి, అందుకని జనరల్ బజార్‌లో 100 గ్రాములకి 210 మీటర్లు వచ్చే కాటన్ తీసుకున్నా. సూది 4 మి.మీ. డిజైన్ గ్రానీ స్క్వేర్లే, అంటే మధ్యనుంచి చుట్టూ వరసలు అల్లే చదరం ముక్కలు, నాలుగు వరసల చదరం సుమారు 10 సెం.మీ. వస్తోంది. మొదటిది అల్లగానే వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచా, 7 గ్రాములు. అడ్డం 7, నిలువు 9, మొత్తం 63 ముక్కలు అనుకుంటే 441 గ్రాములు, అంచుకి ఇంకో 60, అంటే దాదాపు అరకిలో. ఆరు ఉండలు తెచ్చా, ఒకటి అదనం. ఒకే రంగువి అయితే లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన దారాలకి ఇచ్చే నంబరు) అన్నిటికీ ఒకటే ఉందో లేదో షాపులోనే చూసుకోవాలి, తర్వాత వెళ్తే అదే లాట్ దొరకడం కష్టం. ముదురు ఎరుపు వాడుతున్నా కాబట్టి చిన్న పోగుని తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూశా. రంగు దిగలేదు.

అసలు విషయం అతుకు. అత్తయ్యగారిది నరసాపురం దగ్గర. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, 2024లో దానికి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది, నాకు ఎంత సంతోషమేసిందో. అక్కడ పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపి అతుకుపని చేసేవాళ్ళు వేరు. ఆవిడ నా ముక్కల దొంతర చూసి, "అతుకు చివరికి పెట్టుకోకమ్మా, ఇన్ని కొసలు ఎవరు దాస్తారు? అల్లుతూ అల్లుతూ కలిపేసుకో" అన్నారు.

అదే చేస్తున్నా. (చైన్ అంటే వట్టి గొలుసు కుట్టు, సింగిల్ పొట్టి కుట్టు, హాఫ్ డబుల్ దానికంటే కొంచెం ఎత్తు, డబుల్ ఇంకా ఎత్తు. ఇక్కడ పేర్లన్నీ అమెరికావే.) ప్రతి ముక్కా మూడు వరసల వరకే అల్లి పెట్టుకోవడం, నాలుగో వరస అల్లేటప్పుడు పక్కముక్కకి కలిపేయడం. మూలలో రెండు చైన్లకి బదులు ఒక చైన్ వేసి, పక్కముక్క మూల సందులో సూది దూర్చి ఒక సింగిల్ క్రోషే, మళ్ళీ ఈ ముక్కలో మూడు డబుల్ క్రోషేలు, మళ్ళీ పక్కముక్క సందులో ఒక సింగిల్. అలా అంచు చివరి వరకు. విడిగా కుట్టే పనే ఉండదు, అతుకు కూడా చదునుగా వస్తుంది, చేత్తో నిమిరితే గట్టు తగలదు, పసిపిల్లల దుప్పటికి అది చాలా ముఖ్యం. దారం కొసలు 15 సెం.మీ. వదిలి, మొద్దుసూదితో ఒకవైపు, వెనక్కి, మళ్ళీ ముందుకి మూడుసార్లు తిప్పి దాస్తున్నా. కాటన్ నున్నగా జారుతుంది, ఒక్కసారి తిప్పి వదిలేస్తే ఉతికినప్పుడు బయటికొస్తుంది.

ఇంకో మాట, పిల్లల దుప్పటి అల్లే ప్రతివాళ్ళకీ చెప్తా. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఉయ్యాలలో వదులుగా దుప్పట్లు వేయొద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు. ఇది ఒళ్ళో వేసుకుని ఎత్తుకోవడానికి, నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి, పక్కన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే. చెల్లికి ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చీటీ మీద రాసిస్తా.

వరలక్ష్మీ వ్రతానికి తోరణం గుమ్మానికి ఎక్కింది! దీనికి ఆక్రిలిక్కే మేలు, ఎండకి రంగు త్వరగా వెలవదు, తడిసినా తొందరగా ఆరుతుంది. ఆకుకి 20 చైన్లు వేసి, ఒకవైపు సింగిల్‌తో మొదలై హాఫ్ డబుల్, మధ్యలో డబుల్, మళ్ళీ హాఫ్, చివర సింగిల్, తర్వాత చైన్ రెండోవైపు కూడా అదే. మధ్యలో వెడల్పు, చివర్లు సన్నం, అచ్చం మామిడాకే. గుమ్మం 90 సెం.మీ., ఆకు వెడల్పు 4, మధ్యలో కొంచెం సందుతో 17 ఆకులు సరిపోయాయి, మధ్యమధ్య పసుపు బంతిపూలు. ఆకులు ముడుచుకుంటుంటే ఇస్త్రీపెట్టె తగిలించకూడదు, ఆక్రిలిక్ మెత్తబడి సాగిపోతుంది, ఇక మామూలుగా అవదు. కొంచెం పైన పట్టుకుని ఆవిరి మాత్రమే పట్టించి, చల్లారేదాకా పుస్తకం కింద పెట్టా.

భాద్రపదం

లేసు గుడ్డ కవర్ తెరిచాం. 1.25 మి.మీ. స్టీలు సూది, సన్నటి తెల్లదారం, పువ్వులన్నీ ఆవిడ చేతివే. ఏళ్ళు గడిచి తెలుపు కాస్త గోధుమ రంగుకి తిరిగింది. కొత్త దారం కలిపితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి ఉన్న పాతదారం అంతా మధ్య భాగం పూర్తి చేయడానికే వాడి, కొత్తది బయటి అంచు మొత్తానికి పెడుతున్నాం. అప్పుడు అది డిజైన్‌లో భాగంలాగే ఉంటుంది. ఈ పనికి పగటి వెలుతురే కావాలి, ఉదయం కిటికీ దగ్గర ఇద్దరం కూర్చుంటున్నాం. రెండు మూడు వరసలకోసారి ఆపి మణికట్టు తిప్పుకోవడం తప్పనిసరి, సన్నదారానికి వేళ్ళు గట్టిగా బిగుసుకుంటాయి. ఇంతకుముందు సూదిని పెన్సిల్‌లా పట్టుకునేదాన్ని, ఇప్పుడు పైనుంచి కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటే నాకు నొప్పి బాగా తగ్గింది. అయ్యాక పల్చటి గంజిలో ముంచి, థర్మోకోల్ షీటు మీద తుప్పు పట్టని గుండుసూదులతో లాగి గుచ్చి ఆరబెట్టాలి.

గదిలో ఇప్పుడు దివాన్ మీద కూర్చోవచ్చు, ఇద్దరం కూర్చోవచ్చు. కుట్టుమిషన్ మీద సంచి ఇంకా అక్కడే ఉంది, అందులో విప్పాల్సిన పాత స్వెటర్ ఉంది. దాని ఉన్నిని కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల కట్టి, గోరువెచ్చటి నీళ్ళలో తడిపి బరువు కట్టి వేలాడదీస్తే వంకరలు పోతాయి. వానలు తగ్గాకే అది.

దుప్పటికి చివరి అడ్డవరస ముక్కలు, చుట్టూ అంచు మిగిలాయి. అదనపు ఉండ పక్కన పెడితే మిగిలిన దారం 108 గ్రాములు. ముక్కలకి 49 పోతే 59 ఉంటుంది, అంచుకి అనుకున్న 60కి దాదాపు సరిపోతుంది. ముందు సింగిల్ క్రోషే ఒక వరస చుట్టూ వేసి మళ్ళీ తూస్తా. బరువు చాలితే చిన్న గవ్వల ఆకారంలో అల్లే అంచు, చాలకపోతే ఇంకో సింగిల్ వరసతో ముగించేస్తా.