అద్దె ఒక్కటే చూస్తే సరిపోదు

కాకినాడ నుంచి హైదరాబాద్ మారుతున్నామంటే అందరూ జీతమెంత అనే అడిగారు, అద్దె ఎంత అని అడిగింది మా అత్తయ్య ఒక్కతే.

ఆఫీసు రాయదుర్గంలో. పక్కనే కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ 32 వేలు, మెయింటెనెన్స్ వేరే. అక్కడ నేను కప్‌బోర్డులు చూస్తుంటే మా ఆవిడ నేరుగా వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పింది. బుస్సుమని గాలి, తర్వాత సన్నటి ధార. ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు అందరూ పంచుకోవాలని వాచ్‌మన్ మెల్లగా చెప్పాడు.

నాగోల్‌లో అంతే ఇల్లు 17 వేలు. రోజు విడిచి రోజు మంజీరా వస్తుందన్నారు ఓనరు గారు (ఈ ఊళ్లో మున్సిపల్ కుళాయిలో కృష్ణా నీళ్లొచ్చినా పేరు మంజీరాయే). దూరమే టెన్షన్. కానీ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే మెట్రో, అమీర్‌పేటలో దిగి రైలు మారక్కర్లేదు, పైగా రైలు బయల్దేరేదే ఇక్కడ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది, నాలుగు పేజీలు చదువుకోవచ్చు, లేదా హాయిగా కునుకు తీయొచ్చు.

నాగోల్‌కే అడ్వాన్స్ ఇచ్చేశాం. సాయంత్రం మాత్రం సికింద్రాబాద్ దాకా నిలబడే ప్రయాణం. మిగిలిన 15 వేలు గుర్తు చేసుకుంటూ నిలబడతాను.