కొండ మీద కాలు విరిగిన పొట్టేలు: కిందికి దించేది ఎట్లా

ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల్లో జీవాలు మేపేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తప్పదు. పొట్టేలు రాళ్ళ సందులో కాలు ఇరికించుకుంటుంది, ఎముక విరుగుతుంది. ఊరు రెండు మూడు గంటల నడక. బండి వచ్చే దారి ఉండదు. పొద్దు చూస్తే నడినెత్తికి వస్తుంటుంది.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా సొంత జీవాల సంగతి. దుప్పి, కణితి, జింక ఏదైనా సరే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటాడడమే కాదు, ఆ మాంసం ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. అడవిలో చచ్చి పడున్నది కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖ వాళ్ళకు చెప్పాలి.

వీలైతే పొట్టేలును బతికుండగానే దించండి. ప్రాణం ఉన్నంతసేపు మాంసం చెడదు. కత్తి పెట్టిన దగ్గర్నుంచి ఎండతో పోటీ మొదలవుతుంది, రోహిణి కార్తెలో ఆ పోటీలో గెలిచేది ఎండే. పైగా మోకాలి కింద విరిగి, చర్మం చీలి ఎముక బయటికి రాకుంటే కట్టు కట్టి బతికించుకోవచ్చు. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన జాతి. పల్ల, జోడిపి, దొర, ఏ రకమైనా కాళ్ళు పొడుగే కాబట్టి కట్టుబద్దలు నిలిచేందుకు చోటుంటుంది. కాలి చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టి, రెండు వైపులా వెదురు బద్దలు పెట్టి, విరిగిన చోటికి పైకీలు, కిందికీలు రెండూ కదలకుండా కట్టాలి. విరిగిన చోట మాత్రమే బిగిస్తే కట్టు లాభం లేదు. మరీ బిగించినా ముప్పే: కొంతసేపటికి గిట్ట పైభాగం చల్లబడిందంటే రక్తం ఆడడం లేదని గుర్తు, వెంటనే వదులు చేయాలి. తొడ ఎముక విరిగితే ఈ కట్టు నిలవదు.

మోసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, నాలుగు కాళ్ళు కలిపి కట్టి, కర్రకు తలకిందులుగా వేలాడదీయడం. నెమరు వేసే జంతువు వెల్లకిలా ఉంటే తేన్పు రాదు. పొట్టలో పుట్టే గాలి పొట్టలోనే నిలిచిపోతుంది, ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తుల మీద పడుతుంది. విరిగిన కాలితో బతకాల్సిన పొట్టేలు దారిలో ఉబ్బరంతో చచ్చిపోతుంది. ఎడమ డొక్క మీద వేలితో తట్టి చూడండి: డప్పులా మోగితే వెంటనే దించి, రొమ్ము మీద బోర్లా కూర్చోబెట్టి తల పైకెత్తి పట్టుకోవాలి.

ఒక్కడే ఉంటే మెడ మీద వేసుకోవడమే మేలు. దాని పొట్ట మన మెడకు ఆనాలి, కాళ్ళు రెండు భుజాల మీదుగా ముందుకు రావాలి, విరిగిన కాలును మాత్రం పట్టుకోకూడదు. 35, 40 కిలోల పొట్టేలు దిగుడు దారిలో మోకాళ్ళను పిండేస్తుంది కాబట్టి పావుగంటకొకసారి దించి తేన్పు రానివ్వాలి. ఇద్దరుంటే గొంగడి డోలీ కట్టండి. గొంగడి అంచులు కర్రకు కురచగా బిగించి, పొట్టేలును బోర్లా పడుకోబెట్టి తల బయటికి పెట్టాలి. తాడు పొడుగైతే ఊగి ఊగి మనుషులను పడేస్తుంది. ఇద్దరూ ఒకే అడుగు వేసినా ఊపు పెరుగుతుంది, అడుగులు తప్పించి నడవాలి. దిగేటప్పుడు పొడుగాయన కిందివైపు ఉండాలి, కర్రకు గాడి కొట్టి కడితే బరువు ఆయన మీదికి జారదు. సిగ్నల్ దొరికిన చోట 1962కు ఫోన్ చేసి, సంచార పశువైద్య వాహనాన్ని కొండ కిందికి రమ్మని అడగండి.

వెన్ను విరిగినా, రెండు కాళ్ళు పోయినా అక్కడే కోయక తప్పదు. కోసేముందు ఈమధ్య దానికి సూది మందు వేశారేమో గుర్తు చేసుకోండి. మందు ఒంట్లోంచి పోయే గడువు తీరకముందే ఆ మాంసం తినకూడదు. ఇక చచ్చి కనిపించిన జీవాన్ని మాత్రం ఎంత ఖరీదైనదైనా కోయకండి. ఉన్నట్టుండి చంపే చిటుకు రోగం కావచ్చు, దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. ముక్కులోంచి, ఆసనంలోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే దొమ్మని అనుమానించాలి. అలాంటిదాన్ని కోస్తే కోసినవాడికీ అంటుకుంటుంది, ఆ నేలలో రోగం ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

కోశాక నెత్తురు పూర్తిగా కారనిచ్చి, నీడనున్న చెట్టుకొమ్మకు వెనక కాళ్ళతో వేలాడదీయాలి. నేల మీద కోస్తే మట్టీ పేడా అంటుకుంటాయి. తోలు ఒలుస్తున్నప్పుడు బొచ్చు పట్టుకున్న చేత్తో మాంసం ముట్టకూడదు. పొట్ట కోసే కత్తి మొన బయటివైపుకు తిరిగి ఉండాలి, కింద రెండు వేళ్ళు అడ్డం పెట్టాలి. మేత గొట్టం, పెద్దపేగు చివర దారంతో కట్టేశాకే లోపలివి దించాలి. కాలేయానికి అంటుకున్న చేదు తిత్తి, ఉచ్చ తిత్తి పగిలితే ఆ చోటంతా కోసి పారేయాల్సిందే.

పొట్టలో మేత, నీళ్ళే నాలుగైదు కిలోలుంటాయి. లోపలివి, తోలు, తల, కాళ్ళు పోగా మిగిలే మాంసం బతికున్నప్పటి బరువులో సగం, లేదా ఇంకాస్త తక్కువ. నలభై కిలోల పొట్టేలంటే మోయాల్సింది పద్దెనిమిది, ఇరవై కిలోలే.

ఇక్కడే తొందర పనికిరాదు. వేడి మాంసాన్ని యూరియా సంచిలో కుక్కి నడక మొదలుపెడితే, అది ఊరు చేరేలోపే తొడ ఎముక చుట్టూ వాసన పడుతుంది. పైన బాగానే కనిపిస్తుంది, కీలు విప్పితే కంపు. అన్నిటికన్నా మందమైన చోటు అదే, ఆఖరున చల్లారేదీ అదే. పైగా ఆ సంచికి ఎరువు అంటుకుని ఉంటుంది. ముక్కలు చేసి, గాలి ఆడే నీడలో అరగంట వేలాడదీస్తే పైపొర ఆరి పలచటి పొరలా బిగుస్తుంది, ఈగ గుడ్డు పెట్టడానికి తడి దొరకదు. అందుకే వాగు నీళ్ళతో కడగవద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. తొడ లోపలివైపు ఎముక వెంట ఒక గాటు పెడితే వేడి త్వరగా పోతుంది. ఆ తర్వాత ఉతికిన నూలు పంచెలో వదులుగా చుట్టాలి. 40 డిగ్రీల ఎండలో అయితే కోసిన గంటలోపే నడక మొదలవ్వాలి. లేదంటే చల్లపొద్దులో కోసుకునేట్టు చూసుకోవాలి.

ముక్కలు చేయడానికి గొడ్డలి అక్కర్లేదు. ముందు జబ్బకు ఒంటితో ఎముక కీలే లేదు, కండతోనే అంటి ఉంటుంది. కాలు ఎత్తిపట్టి చంక కింద కత్తి పోనిస్తే ఊడివస్తుంది. వెనక తొడకు గుండ్రటి కీలుంది, కాలు వెనక్కి వంచితే అది బయటపడుతుంది, దాని చుట్టూ కోస్తే చాలు. ఎముక నరికితే పెంకులు మాంసంలో దిగి పంటి కిందికి వస్తాయి.

దారి వెడల్పుగా ఉంటే కావడి బాగుంటుంది, రెండు చిక్కాలకూ సమానంగా బరువు పడుతుంది. కంపల దారిలో కావడి బద్ద ప్రతి కొమ్మకూ తగులుతుంది, అక్కడ మూట వీపున కట్టుకోవడమే నయం.

కాలేయంలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ నీటి తిత్తులు కనిపిస్తే కాపు కుక్కకు వేయకండి. కుక్క కడుపులో అవి బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క పేడతో, బొచ్చుతో మన చేతికొచ్చి మన కాలేయంలోనే తిత్తులు కడతాయి. తిత్తులున్న భాగాలు, పేగులు, పొట్టలోని మేత కలిపి కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చి, పైన పెద్ద రాళ్ళు పేర్చాలి.